నోటిఫికేషన్ చుట్టూ అల్లుకున్న ఆశలు: ఏజీ బీఎస్సీ విద్యార్థులు ఏం కోరుకుంటున్నారు?

వ్యవసాయ విశ్వవిద్యాలయాల స్నాతకోత్సవాల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది. ఉద్యోగాలు వెతుక్కోవద్దు, నలుగురికి ఉద్యోగాలిచ్చే స్థాయికి ఎదగండి అని వేదిక మీది పెద్దలు చెబుతారు. కింద పట్టా పట్టుకుని కూర్చున్నవారిలో చాలామంది అప్పటికే బ్యాంకు పరీక్షకో, పీజీ ఎంట్రన్స్‌కో, సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్‌కో చదువుతుంటారు. దీన్ని చూసి ఈ తరానికి నేల మీద మమకారం లేదని తీర్మానించేవాళ్లున్నారు. ఆ తీర్మానం తప్పు. ఏజీ బీఎస్సీ, అంటే బీఎస్సీ అగ్రికల్చర్, చదివే పిల్లలకు వ్యవసాయం నచ్చకపోవడం అరుదు. ఇంట్లో సాగు లెక్కలు ఎలా ఉన్నాయి, ప్రభుత్వం పోస్టులు ఎప్పుడు తీస్తుంది, కంపెనీలు ఎలాంటి పని చేయిస్తాయి అన్నవే వాళ్ల ఆశలకు ఆకారం ఇస్తున్నాయి. వాటిని పక్కన పెట్టి పిల్లల మనసుల్ని మాత్రమే తప్పుపడితే లాభం లేదు.

ఈ కోర్సులోకి ఎవరు వస్తారో ముందు చూడాలి. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న పిల్లల్లో ఎక్కువమంది తొలి కోరిక ఎంబీబీఎస్. నీట్‌లో ర్యాంకు రాకపోతే లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో ఒక ఏడాది గడుపుతారు. అదీ కుదరకపోతే డెంటల్, వెటర్నరీ, అగ్రికల్చర్, హార్టికల్చర్, ఫార్మసీ అంటూ వరుసలో కిందికి వస్తారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఎంసెట్, ఇప్పటి పేరుతో ఈఏపీసెట్, ర్యాంకుతో సీటు వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ‘డాక్టర్ కాకపోయినా ఏఓ అవుతాడు’ అన్నది బంధువుల ఇళ్లలో చెప్పుకునే మాట. ఏఓ అంటే వ్యవసాయ అధికారి. పిల్లలు క్లాసులో అడుగుపెట్టక ముందే వాళ్లు చేయాల్సిన ఉద్యోగం పేరు ఖాయమైపోతుంది.

రైతు కోటా సంగతి కూడా చెప్పుకోవాలి. రెండు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో 40 శాతం సీట్లు రైతు కుటుంబాల పిల్లలకు కేటాయించే పద్ధతి చాలాకాలంగా ఉంది. పట్టణ పరిధి బయటి బడుల్లో కొన్నేళ్లు చదివి ఉండాలి, కుటుంబానికి కనీసం ఎకరం పొలం ఉండాలి. పల్లె పిల్లలు, పొలం తెలిసినవాళ్లు చదువుకుని మళ్లీ పల్లెకే పనికొస్తారన్నది దీని వెనక ఆలోచన. ఆలోచన మంచిదే. అయితే పొలం గురించి బాగా తెలిసినవాళ్లకి అందులో నష్టం ఎంతో కూడా బాగానే తెలుసు. ఆగస్టులో వాన ముఖం చాటేసినప్పుడు నాన్న ఎవరి దగ్గర అప్పు తెచ్చాడో, ఎంత వడ్డీకి తెచ్చాడో చూస్తూ పెరిగిన పిల్లలు వాళ్లు.

అంకెలూ వాళ్ల అనుభవాన్నే బలపరుస్తున్నాయి. జాతీయ నమూనా సర్వే 2003లో రైతుల్ని అడిగినప్పుడు, వేరే దారి దొరికితే సేద్యం వదిలేస్తామన్నవాళ్లు దేశవ్యాప్తంగా 40 శాతం. 2018–19కి సంబంధించిన 77వ విడత సర్వేలో రైతు కుటుంబం సగటు నెలసరి ఆదాయం 10,218 రూపాయలని తేలింది. అందులో పంటల మీద వచ్చింది 3,798. కూలి, జీతాల మీద వచ్చింది 4,063. అంటే రైతు కుటుంబం అనిపించుకున్న ఇంట్లో కూడా పంట కంటే కూలి, జీతం డబ్బులే ఎక్కువ. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబం సగటు అప్పు 2 లక్షల 45 వేలు దాటి, దేశంలోనే మొదటి స్థానంలో ఉంది. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం తెలంగాణలో ఒక హెక్టారు, ఆంధ్రప్రదేశ్‌లో అంతకంటే కాస్త తక్కువ. అన్నదమ్ములు పంచుకున్నాక మిగిలే ఎకరం, ఎకరంన్నర మీద ఒక పట్టభద్రుడు బతకాలంటే అది మామూలు పైర్లతో అయ్యే పని కాదు. కొందామంటే ఎకరం ధర పంట రాబడితో ఏనాటికీ తీరనంత ఉంటుంది. కౌలుకు తీసుకుంటే కౌలు రైతుకు బ్యాంకు రుణం దొరకడమే కష్టం.

డిగ్రీ చేసి పొలంలోకి దిగి నిలదొక్కుకున్నవాళ్లు లేకపోలేదు. దగ్గరగా చూస్తే వాళ్ల వెనక పెద్ద కమతమో, ఇంట్లో మరొకరి నెల జీతమో, నగరంలో తెలిసిన మార్కెట్టో ఉంటుంది. ఈ మూడూ లేని పిల్లవాడు ఉద్యోగం కోరుకోవడం తెలివైన నిర్ణయమే.

అసలు ఈ చదువు రైతుల్ని తయారు చేయడం కోసం మొదలైంది కూడా కాదు. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో వచ్చింది. 1964లో రాజేంద్రనగర్ కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ సాయంతో, అక్కడి నమూనాలో బోధన, పరిశోధన, దాన్ని రైతుకు చేర్చే విస్తరణ మూడూ ఒకే కప్పు కిందకు వచ్చాయి. దేశం తిండిగింజలకు అల్లాడుతున్న రోజులవి. కొత్త వంగడాన్ని, యూరియాను, పురుగుమందును ఊరికి చేర్చి వాడే పద్ధతి చెప్పే అధికారులు వేల సంఖ్యలో కావాలి. ఆ అధికారుల్ని తయారు చేసే కర్మాగారంగానే ఏజీ బీఎస్సీ ఎదిగింది. మారుటేరు నుంచి స్వర్ణ, బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చిన 1980లలో ఆ వ్యవస్థ నిజంగానే ఫలితం చూపింది. 1985లో మండలాలు ఏర్పడ్డాక మండల వ్యవసాయ అధికారి అనే కుర్చీ ఊళ్లో అందరికీ కనిపించేదైంది. ‘ఏఓ గారు’ అన్న పిలుపులో ఉన్న గౌరవం ఆ రోజుల నుంచి వచ్చిందే.

అప్పట్లో కాలేజీలు కొన్నే. పట్టాతో బయటికొచ్చినవాళ్లకి ప్రభుత్వ ఉద్యోగం ఎక్కువ ఎదురుచూపులు లేకుండానే దొరికేది. తర్వాత తిరుపతి, నైరా, మహానంది, జగిత్యాల, అశ్వారావుపేట, పాలెం, రాజమహేంద్రవరం అంటూ కాలేజీలు పెరిగాయి. ఉద్యాన విద్యకు వేరే విశ్వవిద్యాలయాలు వచ్చాయి. 2014లో విభజన తర్వాత ఆచార్య ఎన్.జి. రంగా విశ్వవిద్యాలయం గుంటూరు దగ్గరి లాంకు వెళ్లింది, రాజేంద్రనగర్‌లో ప్రొఫెసర్ జయశంకర్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అనుబంధ ప్రైవేటు కాలేజీలు, వీటికి సంబంధం లేని ప్రైవేటు యూనివర్సిటీలు, పొరుగు రాష్ట్రాలకు వెళ్లి చదివొచ్చేవాళ్లు కలిసి పట్టభద్రుల సంఖ్య ఎన్నో రెట్లయింది. మండలాల సంఖ్య మాత్రం అలా పెరిగేది కాదు కదా. పెద్దలు చెప్పే ఏఓ కథ పాతది, పిల్లలు నిలబడ్డ క్యూ కొత్తది.

ప్రభుత్వాలు పోస్టులు తీసే తీరు ఈ క్యూను ఇంకా పొడవు చేస్తోంది. ఖాళీలు ఏటా ఏర్పడతాయి, నోటిఫికేషన్ మాత్రం నాలుగైదేళ్లకోసారి వస్తుంది. వచ్చినప్పుడు వందల్లో పోస్టులు, దానికి వేలల్లో పోటీ. వచ్చాక కోర్టు కేసులు, వాయిదాలు. ఏ సంవత్సరం డిగ్రీ పూర్తయిందన్న దాన్ని బట్టి ఒక బ్యాచ్ మొత్తం తలరాత మారిపోతుంది. ఇదంతా చూసిన జూనియర్లు ఒక్క దారినే నమ్ముకోరు. మూడో సంవత్సరం నుంచే రెండు మూడు పరీక్షలకు కలిపి చదవడం మొదలుపెడతారు.

హాస్టల్‌లో ఇప్పుడు వినిపించే మూడు మాటలు ఏఎఫ్ఓ, జేఆర్ఎఫ్, ఏఓ. జేఆర్ఎఫ్ అంటే వ్యవసాయ పీజీ సీటు, ఫెలోషిప్ కోసం రాసే జాతీయ పరీక్ష. ఏఎఫ్ఓ అంటే ఐబీపీఎస్ పరీక్ష ద్వారా ప్రభుత్వ బ్యాంకులు తీసుకునే అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్. నాలుగేళ్ల డిగ్రీ చాలు, వయసు 20 నుంచి 30 మధ్య ఉండాలి, అన్నిటికంటే ముఖ్యంగా నోటిఫికేషన్ ఏటా వస్తుంది. ఈ ఉద్యోగానికి ఇంత ఆకర్షణ రావడానికి జీతం ఎంత కారణమో ఈ క్రమం తప్పకపోవడమూ అంతే కారణం. స్కేల్–1 అధికారి మూల వేతనం ఇప్పుడు 48,480 రూపాయల దగ్గర మొదలవుతుంది. ఇరవై రెండేళ్ల వయసులో అంత జీతం తెచ్చుకునే అవకాశం ఈ డిగ్రీతో చాలా తక్కువ చోట్ల ఉంది. ఈసారి తప్పితే వచ్చే ఏడాది మళ్లీ రాయొచ్చన్న ధైర్యం ఏఓ పరీక్ష ఇవ్వలేకపోతోంది.

అయితే ఈ పరీక్షలు చదువునే మార్చేస్తున్నాయి. ఒక్క ఉదాహరణ చాలు. సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, ఏ సంవత్సరం విడుదలైందని అడిగితే పరీక్షకు చదువుతున్న విద్యార్థి 1986 అని టక్కున చెబుతాడు. దానికి ఎండాకు తెగులు సోకకుండా 2008లో మెరుగుపరిచిన రకంలో ఏ జన్యువులు చేర్చారంటే ఎక్స్ఏ 21, 13, 5 అని వరుసగా అప్పజెబుతాడు. ఇదంతా బిట్ల రూపంలో నోటికొచ్చిన జ్ఞానం. సెప్టెంబరులో గాలివాన తర్వాత ఆకుల అంచులు పసుపుపచ్చగా మారి కిందికి ఎండుతూ వస్తే అది తెగులా, పొటాష్ లోపమా అన్నది మడిలో దిగి తేల్చుకోవాలి. పొద్దున్నే ఆకు మీద పాలలాంటి బొట్లు ఉన్నాయేమో చూడాలి. తెగులే అయితే నత్రజని వేయడం ఆపాలి. ఇంకో దఫా యూరియా చల్లితే అది మరింత పెరుగుతుంది. రైతు అడిగేది ఇదే. దీనికి నాలుగు ఆప్షన్లు ఉండవు. ఈ రెండో రకం నేర్పు కోసం పొలంలో గడపాల్సిన సాయంత్రాలు కోచింగ్ టెస్టులకు పోతున్నాయి. పిల్లల్ని తప్పుపట్టలేం. ఉద్యోగం మొదటి రకం తెలివికే దొరుకుతోంది మరి.

గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఈ లెక్క ఒక్కసారిగా కదిలింది. 2019లో 6,714 గ్రామ వ్యవసాయ సహాయకుల పోస్టులు ప్రకటించారు. ఉద్యాన సహాయకుల పోస్టులు అదనం. సెప్టెంబరులో పరీక్ష, అక్టోబరు 2 నాటికి కొలువు. ఇంత వేగంగా, ఇంత పెద్ద సంఖ్యలో వ్యవసాయ పట్టభద్రులకు ప్రభుత్వ కొలువులు దొరకడం అంతకు ముందెప్పుడూ జరగలేదనే చెప్పాలి. అయితే డిప్లొమా చదివినవాళ్లూ అదే పోస్టుకు అర్హులే. ప్రొబేషన్ కాలంలో జీతం నెలకు 15,000. నాలుగేళ్ల డిగ్రీ, కొందరి విషయంలో పీజీ కూడా చేసి ఈ పోస్టులో చేరినవాళ్లు చాలామంది దాన్ని మెట్టుగానే చూశారు. 2020 మే నుంచి నడిచిన రైతు భరోసా కేంద్రాలు, ఇప్పుడు రైతు సేవా కేంద్రాలు, వాళ్ల పని చోటు అయ్యాయి.

అక్కడి పని రోజెలా గడుస్తుందో చూస్తే ఆశలు మళ్లీ ఎందుకు దారి మార్చుకుంటాయో అర్థమవుతుంది. ఈ–క్రాప్, అంటే ఆన్‌లైన్ పంటల నమోదు, సీజన్‌లో ప్రతి సర్వే నంబరుకీ వెళ్లాలి, పంట ఫొటో తీయాలి, యాప్‌లో ఎక్కించాలి, రైతుతో ఈకేవైసీ వేయించాలి. సర్వర్ పనిచేయకపోతే ఆ రోజు పోయినట్టే. తర్వాత విత్తనాల పంపిణీ, పంట నష్టం లెక్కలు, బీమా, ధాన్యం కొనుగోలు. ఇవన్నీ రైతుకు కావాల్సినవే, కాదనడానికి లేదు. పంట నమోదు కాకపోతే పరిహారమూ రాదు, కొనుగోలూ జరగదు. కానీ తెగుళ్ల శాస్త్రం చదివిన మనిషి రోజులో ఎక్కువ భాగం ఫోన్ తెరతోనే గడిపితే చదివింది ఎందుకన్న ప్రశ్న తనకే వస్తుంది. తెలంగాణలో అయిదు వేల ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణాధికారిని (ఏఈఓ) పెట్టిన పద్ధతిలోనూ ఇదే కనిపిస్తుంది. 2,600కు పైగా రైతు వేదికలు కట్టారు. ఉద్దేశం ఏఈఓ అక్కడ కూర్చుని రైతులతో మాట్లాడాలని. రైతుబంధు జాబితాలు, రైతు చనిపోతే 5 లక్షల రైతుబీమా కోసం కుటుంబం నుంచి కాగితాలు సేకరించడం, సర్వేలు కలిసి మాట్లాడే సమయాన్ని మింగేశాయి. 2024లో డిజిటల్ క్రాప్ సర్వే విషయంలో ఏఈఓలు ఆందోళనకు దిగడం ఈ భారం నుంచి వచ్చిందే. ముఖ్యంగా ఒంటరిగా పొలాల వెంట తిరగాల్సిన మహిళా అధికారుల భద్రత అప్పుడు గట్టిగా చర్చకు వచ్చింది.

ఈ ఉద్యోగుల్లో ఎందరో రాత్రిళ్లు మళ్లీ పుస్తకం పడుతున్నారు. ఏఓ కోసం, గ్రూప్స్ కోసం, ఏఎఫ్ఓ కోసం. ఇంట్లో చేతికి జీతం వస్తోంది కాబట్టి టెన్షన్ కాస్త తగ్గింది. కోరిక మాత్రం పైమెట్టు మీదే ఉంది.

నాలుగేళ్లలో విద్యార్థి మనసు మారే అవకాశం నిజంగా ఉన్న సమయం ఏదైనా ఉందంటే అది రావే. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమానికి విద్యార్థులు వాడే పొట్టి పేరు అది. చివరి ఏడాదిలో ఒక సెమిస్టర్ మేర గుంపులు గుంపులుగా ఊళ్లలో ఉంటారు. ఒక్కొక్కరికి ఒక ఆతిథ్య రైతు. ఊరి పటాన్ని నేల మీద రంగుల ముగ్గుతో వేయించడం, మట్టి నమూనా తీయడం, ట్రైకోడెర్మాతో విత్తన శుద్ధి చేసి చూపించడం, చివర్లో రైతు సదస్సు పెట్టడం దీనిలో భాగం. ఆతిథ్య రైతు మొదటివారం ‘బాబూ, నువ్వు రాసుకుని పో’ అంటాడు. నెల తిరిగాక అదే రైతు పొద్దున్నే కాయతొలిచే పురుగు ఉన్న కాయను చేతిలో పెట్టుకుని వాళ్ల గది ముందుకొచ్చి నిలబడతాడు. తన మాట మీద ఒక మనిషి డబ్బు ఖర్చు పెట్టబోతున్నాడన్న బరువు విద్యార్థికి అప్పుడే మొదటిసారి తెలుస్తుంది. విస్తరణ పని మీద ఇష్టం పెంచుకున్నవాళ్లలో చాలామందికి అది మొదలైంది ఇక్కడే. ఇంత విలువైన కాలం కూడా పరీక్షల తేదీలతో ఢీకొంటోంది. జేఆర్ఎఫ్‌కు సిద్ధమవుతున్న విద్యార్థి ఊళ్లో ఉన్నా మనసు మాక్ టెస్టు మీద ఉంటుంది. రికార్డు నింపేసి వచ్చేసేవాళ్లూ ఉన్నారు. రావే సెమిస్టర్‌ను ప్రవేశ పరీక్షల కాలానికి దూరంగా జరపడం విశ్వవిద్యాలయాల చేతిలో ఉన్న పని. ఖర్చు లేని సంస్కరణ అది.

ప్రైవేటు ఉద్యోగాల విషయానికొస్తే, హైదరాబాద్ చుట్టూ విత్తన పరిశ్రమ ఉండటం తెలుగు విద్యార్థులకు దొరికిన పెద్ద అవకాశం. దేశ విత్తన వ్యాపారంలో ఈ నగరానిది ముఖ్యస్థానం. అయినా కంపెనీ ఉద్యోగాన్ని చాలామంది మొదటి కోరికగా చెప్పరు. ఎందుకో తెలియాలంటే గద్వాల వైపు సీడ్ పత్తి చేలల్లో పని చూడాలి. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్లోంచి కేసరాలను సాయంత్రం పూట చేత్తో తీసేయాలి. తెల్లారాక పదకొండు లోపు మగ మొక్కల పువ్వుల పుప్పొడిని వాటికి అద్దాలి. రెండు నెలలకు పైగా రోజూ ఇదే. కంపెనీ తరఫున తిరిగే కుర్రాడు అన్ని చేలలో క్రాసింగ్ సరిగా జరుగుతోందా, కేసరాలు తీయని పువ్వులు మిగిలాయా, పక్క చేనుకు తగినంత దూరం ఉందా చూడాలి. తర్వాత విత్తనం నమూనా జీఓటీకి, అంటే విత్తి పెంచి జన్యు స్వచ్ఛత చూసే పరీక్షకు, వెళుతుంది. అందులో ఫెయిలైతే రైతుకు డబ్బు రాదు. కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజర్ ఉంటాడు, పెట్టుబడి ఇచ్చేది ఆయనే, పట్టు కూడా ఆయనదే. రైతు నిలదీసేది మాత్రం బండి మీద వచ్చే ఈ కుర్రాడిని. మొక్కల ప్రజననం చదివినవాడికి ఇంతకంటే మంచి బడి లేదు. కానీ పేరుకు తగ్గ జీతం, భరోసా, ఎదుగుదల మొదటి మూడు నాలుగేళ్లు కనిపించవు.

పురుగుమందుల అమ్మకాల్లో ఒత్తిడి ఇంకో రకం. నెలకింత టార్గెట్. డీలర్ దగ్గర సరుకు దించాలి, అది రైతుకు అమ్ముడుపోయేలా చూడాలి, డబ్బు వసూలు చేయాలి. అవసరమైతేనే మందు కొట్టాలి అని పురుగుల పాఠంలో చదివిన సూత్రానికీ, నెలాఖరు టార్గెట్‌కూ పొసగదు. ఈ ఇబ్బందిని కంపెనీలో చేరిన సీనియర్లు హాస్టల్‌కు వచ్చినప్పుడు దాచకుండా చెబుతారు. జూనియర్లు బ్యాంకు పుస్తకం కొనుక్కోవడానికి అదొక కారణం.

అమ్మాయిల విషయం విడిగా చెప్పుకోవాలి. ఏజీ బీఎస్సీ తరగతుల్లో ఇప్పుడు సగం మంది, చాలాచోట్ల సగానికి పైగా అమ్మాయిలే. స్నాతకోత్సవంలో బంగారు పతకాల వరుస చూసినా అది తెలుస్తుంది. కంపెనీల ఫీల్డ్ ఉద్యోగాల్లో మాత్రం ఆ నిష్పత్తి కనిపించదు. బండి మీద రోజుకు వంద కిలోమీటర్లు తిరగాలన్న కారణం చూపి వాళ్లను ల్యాబ్, క్వాలిటీ విభాగాలకే పిలుస్తారు. ఇంట్లోవాళ్లూ బ్యాంకు, పీజీ, టీచింగ్ వైపే నెడతారు. పీజీలో ఉండగా పెళ్లి సంబంధాలు చూడటం సౌకర్యంగా ఉంటుందన్న లెక్క కూడా చాలా ఇళ్లలో నడుస్తుంది. ఆ అమ్మాయి ఏం కావాలనుకుంటోందో అడిగేవాళ్లు తక్కువ. పొలం పనిలో నాట్లు, కలుపు, పత్తి తీత అన్నీ ఆడవాళ్ల చేతుల మీద నడిచే ప్రాంతంలో, ఆ ఆడవాళ్లతో ధైర్యంగా మాట్లాడగల పట్టభద్రురాలిని ఊరికి దూరంగా కూర్చోబెట్టడం వ్యవసాయానికే నష్టం. మండల కేంద్రంలో ఉండటానికి ఇల్లు, పనిచేసే రైతు కేంద్రంలో మరుగుదొడ్డి, పొలానికి వెళ్లేటప్పుడు తోడుగా ఒక సహాయకుడు లాంటి చిన్న ఏర్పాట్లతో ఈ దూరం చాలావరకు తగ్గుతుంది.

పై చదువుల దారి బయటికి కనిపించినంత విశాలంగా లేదు. జేఆర్ఎఫ్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుని ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలోనో, బెంగళూరులోనో ఎమ్మెస్సీ చేయడం ప్రతి క్లాసులో కొందరి కల. ఆ తర్వాత పీహెచ్‌డీ, అధ్యాపక అర్హత పరీక్ష నెట్, కేంద్ర వ్యవసాయ పరిశోధన సంస్థల్లో ఏఆర్ఎస్ శాస్త్రవేత్త పోస్టు. అన్నీ కలిసొచ్చినా స్థిరపడేసరికి వయసు ముప్పై దగ్గరకొస్తుంది. హైదరాబాద్‌లో ఇక్రిశాట్, వరి పరిశోధన సంస్థ, నూనెగింజల సంస్థ, చిరుధాన్యాల సంస్థ, మెట్ట వ్యవసాయ సంస్థ అన్నీ ఉన్నా, వాటిలో ప్రాజెక్టు మీద తాత్కాలికంగా పనిచేసే యువ పరిశోధకులు ఎందరో. విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటే, ఆ పాఠాలను తాత్కాలిక పద్ధతిలో చెబుతున్నది ఈ పీహెచ్‌డీలే. తమకు పాఠం చెప్పే సార్‌కే ఉద్యోగం పర్మినెంట్ కాలేదని చూసిన విద్యార్థికి పరిశోధన మీద ఆశ ఎలా నిలుస్తుంది? విదేశాలకు వెళ్లడం ఇంజినీరింగ్ పిల్లల స్థాయిలో లేకపోయినా పెరుగుతోంది. బయోటెక్నాలజీ, మట్టి శాస్త్రం, డేటా వైపు వెళ్లేవాళ్లు అందులో ఎక్కువ.

కోర్సులో చేరేటప్పుడు తల్లిదండ్రులు పట్టించుకోని విషయం ఒకటి తర్వాత చాలా బాధపెడుతోంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి, ఐకార్, గుర్తింపు లేని యూనివర్సిటీలో లక్షలు కట్టి చదివితే పై చదువుకూ, కొన్ని ప్రభుత్వ ఉద్యోగాలకూ అడ్డంకి వస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2020లో వ్యవసాయ మండలి చట్టం తెచ్చింది ఈ గందరగోళాన్ని అదుపు చేయడానికే. సీటు తీసుకునే రోజునే గుర్తింపు పత్రం చూపించమని అడగాలి. బ్రోచర్లో రాసింది నమ్మితే సరిపోదు.

ఇక స్నాతకోత్సవంలో చెప్పే స్వయం ఉపాధి. దీనికి ప్రభుత్వ పథకం లేదని కాదు. వ్యవసాయ పట్టభద్రుల కోసమే 2002 ఏప్రిల్‌లో అగ్రి క్లినిక్‌ల పథకం మొదలైంది. నడిపేది హైదరాబాద్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ మేనేజే. 45 రోజుల శిక్షణ, బ్యాంకు రుణం, దాని మీద 36 శాతం రాయితీ. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు 44 శాతం. డాక్టర్ క్లినిక్ పెట్టినట్టు పట్టభద్రుడు ఊళ్లో పంటల క్లినిక్ పెట్టుకుంటాడన్నది ఊహ. ఇక్కడే అసలు చిక్కు ఉంది. మన రైతు సలహాకు విడిగా డబ్బు ఇవ్వడు. ఎందుకంటే ఆ సలహా అతనికి మందుల షాపులో ఊరికే దొరుకుతోంది. షాపు యజమాని సలహా ఖరీదును సీసా ధరలో కలుపుకుంటాడు, పైగా పంట చేతికొచ్చేదాకా అరువిస్తాడు. పట్టభద్రుడి దగ్గర సరైన సలహా ఉంటుంది, అరువు ఇచ్చే స్తోమత ఉండదు. అరువు లేనిచోట సలహా నిలబడదు. కాబట్టి క్లినిక్ పెట్టినవాళ్లు కొన్నాళ్లకు తామే మందుల షాపు పెట్టుకుంటారు, లేదా మూసేసి పరీక్షలకు చదువుతారు. మరోవైపు పాత డీలర్లు వారానికో రోజు తరగతులకు వెళ్లి ఏడాదిలో డీలర్ల కోసమే పెట్టిన దేశీ (డీఏఈఎస్ఐ) డిప్లొమా తెచ్చుకుంటున్నారు. రైతుకు అది మంచిదే. కానీ నాలుగేళ్లు చదివినవాడికి షాపు విషయంలోనూ ప్రత్యేకత మిగల్లేదు.

నిలబడిన వ్యాపారాలు చూస్తే అవి సలహా కాకుండా వస్తువునో, చేసిన పనినో అమ్మేవి. గుంటూరు, ప్రకాశం, ఖమ్మం వైపు షేడ్‌నెట్ మిర్చి నర్సరీలు మంచి ఉదాహరణ. రైతు నారు పోసుకుని మొలక శాతం గురించి దిగులుపడే బదులు ట్రేలో పెరిగిన మొక్కను లెక్కపెట్టి కొనుక్కుంటాడు. వైరస్ లేని నారు ఇవ్వగలగడం చదువుతో వచ్చే నేర్పు, దానికి ధర పలుకుతుంది. జీవ నియంత్రణ పదార్థాల తయారీ, డ్రోన్‌తో మందు చల్లే సేవ, చిరుధాన్యాల శుద్ధి కూడా ఈ కోవలోవే. రెండు విశ్వవిద్యాలయాలూ డ్రోన్ పైలట్ శిక్షణ ఇస్తున్నాయి. హైదరాబాద్‌లోని వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ నార్మ్‌లోని ఏ–ఐడియా, రాజేంద్రనగర్‌లోని అగ్‌హబ్ లాంటి ఇంక్యుబేషన్ కేంద్రాలు, అంటే కొత్త వ్యాపారాలకు చేయూతనిచ్చేవి, ఉన్నాయి. అక్కడికి చేరేవాళ్లలో ఏజీ పిల్లల కంటే ఇంజినీరింగ్, ఎంబీఏ నేపథ్యం ఉన్నవాళ్లే తరచూ ముందుంటున్నారు. కారణం స్పష్టమే. రెండేళ్లు ఆదాయం లేకపోయినా ఇంట్లో గడిచే వీలు వాళ్లలో ఎక్కువమందికి ఉంది.

రైతు ఉత్పత్తిదారుల సంఘాల్లో (ఎఫ్‌పీఓ) సీఈఓ పోస్టు ఉద్యోగానికీ స్వయం ఉపాధికీ మధ్య దారిగా కనిపించింది. 2020లో మొదలైన పది వేల ఎఫ్‌పీఓల పథకంలో సీఈఓ జీతానికి నెలకు 25 వేల దాకా, అకౌంటెంట్‌కు 10 వేల దాకా మూడేళ్లపాటు కేంద్రం సాయం చేస్తుంది. పల్లెలో ఉంటూ, రైతులతో పనిచేస్తూ, జీతమూ తెచ్చుకునే ఈ పని రావేలో మంచి అనుభవం పొందిన విద్యార్థికి సరిగ్గా సరిపోతుంది. కానీ మూడేళ్లలో సంఘం సొంత కాళ్ల మీద నిలబడి ఆ జీతం తనే ఇచ్చుకోవాలి. మొదటి ఏడాది వాటాధనం సేకరణకూ రిజిస్ట్రేషన్‌కూ పోతుంది, రెండో ఏడాది ఎరువుల లైసెన్సు, గోదాము, మూడో ఏడాదికి గానీ అసలు కొనుగోళ్లు మొదలుకావు. సరిగ్గా లాభం కనిపించే వేళకు సాయం ఆగిపోతుంది, సీఈఓగా ఉన్న కుర్రాడు అప్పటికే ఏఎఫ్ఓ పరీక్ష రాసి ఉంటాడు. మూడేళ్ల సాయాన్ని అయిదేళ్లకు పెంచి, చివరి రెండేళ్లు సంఘం లావాదేవీలను బట్టి ఇస్తే, ఈ పోస్టును కోరుకుని వచ్చేవాళ్లు తప్పకుండా పెరుగుతారు. ఏఓ నోటిఫికేషన్ ఏటా ఒకే నెలలో, తక్కువ పోస్టులతోనైనా, రావడం మొదలైతే హాస్టల్ గదుల్లో ఏళ్లకేళ్లు ఆగిపోయే యువతలో సగం మందైనా తమ అదృష్టాన్ని త్వరగా తేల్చుకుని మిగతా దారుల వైపు చూస్తారు.